ముగింపు చెప్పరాదు

మా బడికి ఉన్నది ఒకటే గది. ఆ గదికి ఉన్నవి నాలుగు మూలలు. ఈ రెండో సంగతి ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఎవరికీ అడ్డం రాలేదు. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు వచ్చిన ఉత్తర్వుతో వచ్చింది.

ఉత్తర్వు సారాంశం ఇది. ఇకపై ప్రాథమిక పాఠశాలల్లో ఉపాధ్యాయుడు కథ చెప్పరాదు. కథ చెప్పడమంటే ఒకరు మాట్లాడడం, మిగతావారు నోరు మూసుకుని వినడం. ఇది శిశువు స్వేచ్ఛపై దాడి. ఇకపై కథ చుట్టూ ఐదు అభ్యసన కేంద్రాలు ఏర్పాటు చేయాలి. గదిలోని ఒక్కో మూల ఒక్కో కేంద్రం. గంట కొట్టినప్పుడల్లా పిల్లలు గుంపులుగా ఒక మూల నుంచి మరో మూలకు కదలాలి. ఈ ఏటి ఇతివృత్తం 'ప్రయాణం' కనుక మూల నుంచి మూలకు కదలడాన్ని కూడా ప్రయాణానుభవంగానే పరిగణిస్తామని చివర ఒక వాక్యం ఉంది. అది రాసినవారు రాశాక కాసేపు కుర్చీలో వెనక్కి వాలి ఉంటారు.

నేను మండల విద్యాధికారి కుళ్ళాయప్పగారికి ఫోన్ చేసి, కేంద్రాలు ఐదు, మూలలు నాలుగే అని మనవి చేశాను.

"నాలుగేనా?" అన్నారాయన. "ఎప్పటినుంచి?"

"కట్టినప్పటినుంచీ సార్."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు పై అధికారుల దృష్టికి తీసుకురాలేదు?"

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన మెత్తబడి, ఐదో మూల మంజూరు కోసం ఇంజినీరుకు రాస్తాననీ, అంతవరకు తాత్కాలిక ప్రాతిపదికన ఒక మూలను నేనే సమకూర్చుకోవాలనీ సెలవిచ్చారు. నేను రికార్డులు పెట్టుకునే ఇనుప బీరువాను గోడకు ఏటవాలుగా జరిపాను. దాని వెనక ముగ్గురు పిల్లలు ఒదిగి కూర్చునేంత చోటు ఏర్పడింది. నెల తిరక్కుండా ఇంజినీరు వచ్చి టేపు పెట్టి కొలిచి, 'ఐదవ మూల కలదు, పటిష్ఠంగా ఉన్నది' అని రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. మండలం మొత్తంలో ఐదు మూలలున్న బడి మాదొక్కటే అయింది. పక్క ఊళ్ళ టీచర్లు చూసి పోవడానికి వచ్చారు.

ఉత్తర్వు వెంట లక్క ముద్ర వేసిన గుడ్డసంచి ఒకటి వచ్చింది. అందులో ఐదు కవర్లు, ఒక ఇత్తడి గంట, ఉపాధ్యాయుడికి సూచనల పుస్తకం. కథేమో రెండు పేజీలు. సూచనలు దిండంత ఉన్నాయి.

కథ పేరు 'అవ్వ ప్రయాణం'. ఒక అవ్వ మనవరాలిని చూడడానికి బెల్లం ఓళిగలు మూటగట్టుకుని జీవితంలో మొదటిసారి రైలెక్కుతుంది. దారిలో దప్పికవుతుంది. చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఏదో స్టేషన్లో బండి ఆగితే కొళాయి దగ్గరకు దిగుతుంది. చెంబు నిండేలోపు బండి కదులుతుంది. మూట బండిలో, అవ్వ ప్లాట్‌ఫారం మీద. అక్కడికి కథ ఆగింది. నేను పేజీ తిప్పి చూశాను. వెనక తెల్ల కాగితం. కవర్లు దులిపాను. సంచి తిరగేశాను. లోపలినుంచి చిన్న చీటీ రాలింది. 'ముగింపు చెప్పరాదు. ఐదవ కేంద్రంలో శిశువులే ఊహిస్తారు' అని ఉంది.

సరే, ఊహిస్తారు కాబోలు అనుకున్నాను. మొదటి మూలలో పఠనం. రెండో మూలలో గణితం. బండి వేగం ఇంత, అవ్వ పరుగు వేగం ఇంత, అవ్వ బండిని అందుకోగలదా అని లెక్క. అందుకోలేదు, నేను చేసి చూశాను. మూడో మూలలో చిత్రలేఖనం. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడ్డ అవ్వ బొమ్మకు రంగులు వేయాలి. నాలుగో మూలలో అభినయం. ఒకరు అవ్వ, తక్కినవాళ్ళంతా రైలు. రైలు అవ్వను వదిలేసి కూత వేసుకుంటూ గది చుట్టూ తిరగాలి. ఐదో మూలలో, అంటే బీరువా వెనక, ఊహ.

రైలుగా ఉండడానికి పిల్లలంతా కొట్టుకున్నారు. అవ్వగా ఉంటానని ఒక్కరూ రాలేదు. చివరికి మూడో తరగతి వర్షిణి లేచి వచ్చింది. సన్నగా, పెద్ద కళ్ళతో, ప్రతిదానికీ ఎందుకని అడిగే పిల్ల. చెంబు పట్టుకుని నిలబడింది. రైలు వెళ్ళిపోయింది. అందరూ బెంచీల మీద కూర్చున్నాక కూడా ఆ పిల్ల చెంబుతో అక్కడే నిలబడి ఉంది.

"కూర్చోమ్మా, అయిపోయింది."

"ఏడ అయిపోయింది సా? అవ్వ ఈడనే ఉంది గదా."

ఐదో మూలలో పిల్లలు ఊహించిన ముగింపులకు నేను నక్షత్రాలు వేయాలి. ఎన్ని వేయాలో సూచనల పుస్తకంలోనే ఉంది. 'అవ్వ క్షేమంగా ఇల్లు చేరింది' అని రాస్తే ఒకే నక్షత్రం, ఎందుకంటే అది సాధారణమైన ఊహ. అనూహ్యమైన ముగింపుకు ఐదు. మా పిల్లలకు చదవడం అంతంతమాత్రమే అయినా లాభనష్టాలు బాగా తెలుసు. రెండో రోజుకే అవ్వ కష్టాలు మొదలయ్యాయి. ఒకడి అవ్వ పట్టాల మధ్య పరిగెత్తి గుంతకల్లు దాకా వెళ్ళి సొమ్మసిల్లింది. ఒకతె అవ్వను ఎవరో కువైట్‌కు అమ్మేశారు. నాలుగో తరగతి బాబయ్య అవ్వ ఆ స్టేషన్లోనే చనిపోయి దయ్యమై, రైలు దిగి నీళ్ళు తాగేవాళ్ళనందరినీ పట్టుకుంటోంది. బాబయ్యకు నేను ఐదు నక్షత్రాలు వేయక తప్పలేదు. నిబంధన అది.

వర్షిణి కాగితం మాత్రం ఖాళీగా వచ్చేది.

"ఏం రాయలేదేమమ్మా?"

"నాకు ఊహొద్దు సా. నిజంగా ఏమైంది? ఇల్లు జేరిందా, లేదా?"

ఆ అడగడంలో ఏదో గుబులు ఉంది. పిల్లలు కథలు వినేటప్పుడు పడే గుబులు కాదు. మర్నాడు సాయంత్రం వాళ్ళింటి మీదుగా వెళుతుంటే సంగతి తెలిసింది.

వర్షిణికి ఒక అవ్వ ఉంది, ఓబుళమ్మ. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో పొర కమ్ముకుంటోంది. మనిషి ఎదురుగా నిలబడితే నీడలా ఆనుతుంది, అంతే. ఆ మధ్య మా ఊరికి కంటి డాక్టర్లు వచ్చి చూసి, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, ఆలస్యమైతే చెప్పలేమన్నారు. వచ్చే నెల మొదటి గురువారం మా మండలంలోని ముసలివాళ్ళను ఆసుపత్రివాళ్ళే దగ్గరుండి రైల్లో తిరుపతి తీసుకెళ్ళి, ఉచితంగా ఆపరేషన్ చేయించి, తిరిగి తెచ్చి దింపుతారు. వేరుశనగ కాయ పీకే కాలం కాబట్టి ఇంట్లో వాళ్ళెవరికీ వెంట వెళ్ళే తీరిక లేదు. ఓబుళమ్మ అంతకు ముందెప్పుడూ రైలెక్కలేదు. అయినా సరేనని పేరు రాయించుకుంది. ఆ తర్వాత మా బడికి సంచి వచ్చింది.

పిల్లలు బడి నుంచి ఇళ్ళకు వెళ్ళే దారిలోనే ఓబుళమ్మ అరుగు. వాళ్ళు రోజూ ఆమె ముందు ఆగి, ఆ రోజు తాము అవ్వను ఏం చేశారో పూసగుచ్చినట్టు చెప్పి, వచ్చిన నక్షత్రాలు కూడా చెప్పి వెళుతున్నారు.

"నేను పోను సారూ," అంది ఓబుళమ్మ, నా గొంతు గుర్తుపట్టి. "గురువారము లేదు గిరువారము లేదు."

"ఆసుపత్రివాళ్ళు తోడుంటారు కదవ్వా."

"దప్పికయితే?"

"సీసా నిండా నీళ్ళు పెట్టుకుని పో."

"ఆయమ్మ చెంబు పెట్టుకోని పోలేదా? అయిపోలేదా నీళ్ళు? మీరే గదా సారూ నేర్పిచ్చినారు."

వర్షిణి స్తంభానికి ఆనుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆ పిల్ల అడిగినదాని అర్థం నాకు అప్పుడు తట్టింది. నాకు సిగ్గేసింది. ఆ కథ నేను రాయకపోయినా, గంట కొట్టింది నేనే.

"అవ్వా, ఆ కథలో అవ్వ ఇల్లు చేరింది," అన్నాను. "తర్వాత బండిలో క్షేమంగా వెళ్ళింది. మూట కూడా దొరికింది."

ఓబుళమ్మ మొహం నా వైపు తిప్పింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అది నిజమా సారూ, లేకుంటే అదీ మీ ఊహేనా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదని కాదు, ఆడిటు సమయంలో చెబుతూనే ఉంటాను. కానీ ఆ ముసలామె ఒక్క కంటితో, అదీ సరిగ్గా ఆనని కంటితో, నా మొహం వెతుకుతోంది. కనుక్కుని చెబుతానన్నాను.

మర్నాడు మండల ఆఫీసుకు వెళ్ళాను. కుళ్ళాయప్పగారు నేను చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మాస్టారూ, మీరు అడుగుతున్నది ముగింపు."

"అవును సార్."

"ముగింపు అనేది మండల స్థాయి అంశం కాదు. మండల స్థాయికి ప్రారంభం వరకే అధికారాలున్నాయి. మధ్యభాగం డివిజన్. ముగింపు జిల్లా."

"ఒక ముసలామె కన్ను సార్."

"కంటికి వైద్యశాఖ ఉంది కదా," అన్నారాయన, నిజంగా నాకు సాయం చేస్తున్నట్టుగా. "మీరు ఒక పని చేయండి. ముగింపు కోరుతూ అర్జీ ఇవ్వండి. ఎందుకు కావాలో కారణం రాయకండి. కారణం రాస్తే దాని మీద విచారణ ఉంటుంది."

అర్జీ ఇచ్చాను. ముగింపు రాలేదు కానీ జిల్లా అభ్యసన కేంద్రాల సమన్వయకర్త విశాలాక్షిగారు స్వయంగా వచ్చారు. అంత పెద్ద హోదా ఉన్నవారు మా ఊరికి రావడం అదే మొదటిసారి. ఆమె వెంట ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. బీరువా వెనక మూలను చూసి ముచ్చటపడి, అందులో కూర్చుని ఫొటో తీయించుకున్నారు. తర్వాత పిల్లల ముగింపులు విన్నారు. దయ్యం ముగింపు విని బాబయ్య భుజం తట్టి, వాడి ఊహకు హద్దులు లేవన్నారు. వాడు ఆ వారంలో ఊహకు తోడు ఒక తలుపు గడియ కూడా విరగ్గొట్టాడని నేను చెప్పలేదు.

వర్షిణి వంతు వచ్చింది. లేచి నిలబడింది.

"మేడం, అవ్వ నిజంగా ఇల్లు జేరిందా?"

విశాలాక్షిగారు నవ్వు మొహంతోనే నా వైపు తిరిగారు.

"ఈ శిశువుకు ఇది ఎప్పటినుంచి ఉంది?"

"ఏది మేడం?"

"ఫలితాపేక్ష. ముగింపు పట్ల అదుపులేని ఆసక్తి. ఇది తొలిదశలోనే గుర్తించవలసిన అభ్యసన లోపం మాస్టారూ. శిశువు ప్రయాణాన్ని ఆస్వాదించాలి, గమ్యాన్ని అడగకూడదు. గమ్యం అడిగే శిశువు రేపు పౌరుడై ప్రతిదానికీ ఫలితం అడుగుతాడు. అప్పుడు వ్యవస్థ ఎలా నడుస్తుంది?"

ఆమె అక్కడికక్కడే వర్షిణికి 'ముగింపు నివారణ ప్రత్యేక తరగతులు' రాసిచ్చారు. రోజూ బడి అయ్యాక ఒక గంట ఆ పిల్లకు నేను సగం కథలు వినిపించి, తర్వాత ఏమైందని అడగకుండా అలవాటు చేయాలి. కథ చెప్పరాదన్న ఉత్తర్వు సంగతి నేను గుర్తు చేస్తే, సగమే కాబట్టి అది చెప్పడం కిందికి రాదన్నారు.

ఆ లోపం అంటువ్యాధి అని జిల్లాకు అనుమానం వచ్చినట్టుంది. రెండు రోజుల్లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. బడుల్లోని గ్రంథాలయ పుస్తకాలన్నిటికీ చివరి పేజీలు తొలగించి మండల ఆఫీసులో అప్పగించాలి. కాకి కుండలో రాళ్ళు వేస్తూనే ఉండిపోయింది. కుందేలు పడుకునే ఉంది, తాబేలు నడుస్తూనే ఉంది. లెక్కల పుస్తకం వెనక జవాబుల పేజీలు కూడా చివరి పేజీలే అని ఒక బడిలో సందేహం వచ్చి చించేశారు. అది మంచి ఆలోచన అని జిల్లా అంతటికీ వర్తింపజేశారు. ఇక ఐదో ఎక్కం ఐదు తొమ్మిదులు నలభై ఐదు దగ్గర ఆపి, ఐదు పదులు ఎంతో ఊహించమన్నప్పుడు బాబయ్య వెయ్యి అన్నాడు. నక్షత్రాలు ఇచ్చాను. కుళ్ళాయప్పగారి ఆఫీసు వరండాలో చివరి పేజీలు గోనెసంచుల్లో పేరుకున్నాయి. వాటికి ఒక కాపలా మనిషిని వేశారు. ఆయన రోజంతా వాటిని చదువుకుంటూ, అన్నీ మంచిగానే అయ్యాయని చెప్పేవాడు. 'అవ్వ ప్రయాణం' చివరి పేజీ ఏమైనా వచ్చిందా అని అడిగాను. అది మాత్రం లేదన్నాడు.

గురువారం దగ్గర పడింది. ఆసుపత్రివాళ్ళు ఇంటికి వచ్చి అడిగితే ఓబుళమ్మ మంచం దిగలేదు. ఆమె రాకపోతే ఆ చోటు వేరే వాళ్ళకిస్తామనీ, మళ్ళీ ఉగాది దాటాకే వస్తామనీ, అప్పటికి ఆ కన్ను ఎలా ఉంటుందో తాము చెప్పలేమనీ వాళ్ళు వర్షిణి వాళ్ళ నాయనకు చెప్పి వెళ్ళారు. ఆయన నా దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పి, మళ్ళీ చేనికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సూచనల పుస్తకాన్ని మొదటిసారి చివరిదాకా తిరగేశాను. వెనక అట్ట లోపల, ఈ కథను తయారుచేసిన కార్యశాలలో పాల్గొన్న ఉపాధ్యాయుల పేర్లు ఉన్నాయి. అందులో ఒకాయన పక్క మండలంలో పనిచేసే మహబూబ్ బాషా. బండి వేసుకుని వెళ్ళాను. ఆయన ఇంటి ముందు బర్రెకు గడ్డి వేస్తున్నాడు. నేను వచ్చిన పని చెప్పగానే చేతిలో గడ్డి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"దానికి ముగింపు లేదు సార్," అన్నాడు.

"శిశువులే ఊహిస్తారు కదా. అది తెలుసు. మీరు రాసింది ఏమిటని అడుగుతున్నాను."

"రాయల్యా. రాసుంటే గదా దాసిపెట్టేది."

ఆయన చెప్పింది ఇది. కార్యశాలలో ఐదు బృందాలు. కథను ఐదు ముక్కలు చేసి బృందానికి ఒక ముక్క అప్పగించారు. ముగింపు ఐదో బృందానిది. చివరి రోజు మధ్యాహ్నం వాళ్ళు రాయాలి. అయితే ఆ మధ్యాహ్నమే ముగింపు సభ పెట్టారు. ఒక్కొక్కరూ మాట్లాడి, ఒకరికొకరు శాలువాలు కప్పుకునేసరికి రైలు టైమయింది. అందరికీ టికెట్లు ముందే తీసి ఉన్నాయి.

"ఉరుకులు పరుగులే సార్ ఇంగ. ఐదో బృందానికి లీడరు ఎవురనుకున్నారు? మీ ఇశాలాక్షి మేడమే. ఆటోలో కూచ్చోని తెల్ల కాయితం మీద రాసి మా చేతికిచ్చింది, ముగింపు చెప్పరాదు, పిల్లోళ్ళే ఊహిస్తారని. ఇదేందో బాగుందే అన్నారు పైనోళ్ళు. ఆయమ్మకు ప్రమోషనొచ్చింది. నాకు శాలువా ఒకటే. అదిగో, బర్రె మింద కప్పిన చూడు, చలికి."

నేను ఇంటికి తిరిగి వస్తూ దారి పొడవునా తిట్టుకున్నాను. ఎవరిని తిట్టాలో తెలియక, చివరికి బండి పెట్రోలు ఎక్కువ తాగుతోందని దాన్ని తిట్టాను. లేని ముగింపును తెచ్చి ఓబుళమ్మకు ఎలా ఇచ్చేది? అయినా కనుక్కుని చెబుతానని మాట ఇచ్చాను కాబట్టి బుధవారం పొద్దున్నే వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వర్షిణి నా పక్కనే నిలబడి వింది.

ఓబుళమ్మ కదలకుండా అంతా విని, ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టింది.

"అయితే రాసేటోళ్ళు రాసేది ఇడిసిపెట్టి రైలెక్కినారా?"

"ఎక్కారు."

"మొగోళ్ళేనా, ఆడోళ్ళు గూడానా?"

"ఆడవాళ్ళు కూడా. మా మేడంగారు కూడా."

"ఇండ్లకు జేరినారా?"

"అందరూ చేరారవ్వా. మా మేడం మొన్న బడికి కూడా వచ్చింది. బీరువా వెనక కూర్చుంది."

"దావలో దప్పిక కాలేదా ఒకరికన్నా?"

"అది అడగలేదు."

"అడుగు."

అక్కడినుంచే మహబూబ్ బాషాకు ఫోన్ చేసి, అవ్వకు వినపడేలా స్పీకరు పెట్టాను. ఆయన ఆలోచించి, దప్పికైంది సార్, ఎండాకాలం గదా, నడమ ఏదో స్టేషన్లో దిగి మజ్జిగ తాగి మళ్ళీ ఎక్కినామన్నాడు.

"దిగి, మళ్ళా ఎక్కినారా?" అని అరిచింది ఓబుళమ్మ ఫోన్లోకి.

"ఎక్కినామమ్మా. బండి రెండు కూతలు కూస్తాది కదిలే ముందర."

ఓబుళమ్మ మంచం మీద లేచి కూర్చుంది. కొప్పు సర్దుకుంది.

"కతను నట్టనడమ ఇడిసిపెట్టిపోయినోళ్ళే ఇండ్లు జేరినారంటే, నాకేం బుట్టిందంట?" అంది. తర్వాత మనవరాలి వైపు చెయ్యి చాపింది. "పాపా, నా కోకలు రెండు సంచిలో పెట్టు. నీళ్ళ సీసాలు రెండు పెట్టు."

వర్షిణి పెద్ద కళ్ళతో నన్ను చూసి లోపలికి పరిగెత్తింది. ఆ పరుగు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికి నాకేమీ నామోషీ లేదు.

గురువారం ఓబుళమ్మ రైలెక్కింది. దిగాల్సిన చోటే దిగింది. ఆపరేషనైంది. కంటికి నల్లద్దాలు పెట్టుకుని తిరిగి వచ్చి, దారిలో తను ఎక్కడా దిగలేదనీ, బండిలోకే అన్నీ అమ్మకానికొచ్చాయనీ, పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారంతా వినడం ఉత్తర్వుకు విరుద్ధమే కానీ, అరుగు మా శాఖ పరిధిలోకి రాదు.

నెల తర్వాత జిల్లావారు ఊహా సామర్థ్య పరీక్ష పెట్టారు. ఒకటే ప్రశ్న. 'ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయిన అవ్వకు తర్వాత ఏమైంది?' పేపర్లు జిల్లాలోనే దిద్దారు. బాబయ్యకు నూటికి నూరు వచ్చింది. వాడి దయ్యం ఈసారి రైలునే మింగింది. వర్షిణి మొదటిసారి కాగితం నింపింది. 'మా అవ్వ రెండు సీసాల నీళ్ళు తీసుకొని పోయింది. తిరుపతిలో కన్ను బాగు చేసినారు. మల్లా ఇంటికొచ్చింది. నా గౌను మింద పూలు ఎన్నుండాయో లెక్క పెట్టింది' అని రాసింది. దాని పైన ఎర్ర సిరాతో పెద్ద సున్నా. కింద విశాలాక్షిగారి చేతి రాత: 'శిశువు జరిగినది రాసింది. ఊహ లేదు. ప్రత్యేక తరగతులు కొనసాగించవలెను.'

ఆ కాగితాన్ని తల్లిదండ్రులకు చూపించి సంతకం తీసుకోవాలి. తీసుకెళ్ళాను. వర్షిణి నా వెనక తల వంచుకుని నడిచింది. ఇంట్లో ఓబుళమ్మ ఒక్కతే ఉంది. నల్లద్దాలు తీసేసి, చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"ఏం సారూ, పరిచ్చలో మా పాపకేమొచ్చింది?"

ఎలా చెప్పాలో తెలియక కాగితం చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని ముందు దగ్గరగా పెట్టుకుంది, తర్వాత దూరంగా పట్టింది. సున్నా దొరికింది. వేలు పెట్టి దాని చుట్టూ ఒకసారి తిప్పింది.

"సున్నా అవ్వా," అంది వర్షిణి.

"ఉండు పాపా, నన్ను చూడనీ." మళ్ళీ వేలు తిప్పింది. "ఎంత గుండ్రంగా రాసినాదమ్మా ఆయమ్మ! యాడా తెగలేదు. ఇది ఎర్రదే గదా సారూ?"

"ఎర్రదే అవ్వా."

"నేననుకుంటిలే," అని ఓబుళమ్మ కాగితాన్ని వెలుగులోకి తిప్పి పట్టుకుంది.